కట్టెలు చీల్చే బండికి టన్నులు తర్వాత, ముందు చక్రాలు చూడండి

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది హైడ్రాలిక్ రిపేర్ల షెడ్డు. ఎక్కువగా జేసీబీ సిలిండర్లు, టిప్పర్ జాకీలు వస్తుంటాయి. ఈమధ్య నూనె ప్రెషర్‌తో బ్లేడుని తోసి కట్టెలు చీల్చే హైడ్రాలిక్ యంత్రాలు, అదే లాగ్ స్ప్లిట్టర్లు కూడా వస్తున్నాయి. కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి, కొన్ని ఇక్కడే వెల్డింగు షాపుల్లో కట్టించుకున్నవి. కొనబోయే ముందు సలహా కోసం వచ్చేవాళ్లు అందరూ ఒకటే అడుగుతారు: "ఎన్ని టన్నులది తీసుకోమంటారు?" టన్నుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దాన్ని మొద్దు దగ్గరికి ఎలా తీసుకెళ్తారో చెప్పండి అంటాను నేను. చాలామందికి ఈ జవాబు నచ్చదు. తప్పించుకుంటున్నాననుకుంటారు.

కానీ ఆ యంత్రానికి ఇరుసు, చక్రాలు, ముందు లాగుడు కొక్కెం పెట్టిందే అందుకు. మొద్దును యంత్రం దగ్గరికి మోయడం కంటే యంత్రాన్ని మొద్దు దగ్గరికి లాక్కెళ్లడం తేలిక. ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే ఏ మార్పుకి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో చాలావరకు తేలిపోతుంది. మనవాళ్లు దీన్ని వదిలేసి ప్రెషర్ పెంచమని నా దగ్గరికి వస్తారు.

గ్యాసు వచ్చాక విశాఖలో కట్టెలెవరికి కావాలి అని అడిగేవాళ్లున్నారు. పెళ్లి వంటలకి కావాలి, ఇటుక బట్టీలకి కావాలి, శ్మశానాలకి కావాలి. తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి. అవన్నీ పక్కన పెట్టినా మనకి తుఫాన్లున్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గంటకి 170, 180 కిలోమీటర్ల గాలికి ఊరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. యూనివర్సిటీ ఆవరణలో, కంబాలకొండ అడవిలో, జూలో, కాలనీ వీధుల్లో ఎక్కడ చూసినా వేళ్లతో సహా లేచిన చెట్లే. రోడ్డుకి అడ్డం పడ్డవాటిని మెషిన్ రంపాలతో కోసి పక్కకి నెట్టారు. ఆ నెట్టిన మొద్దుల గతేమిటన్నది తర్వాతి ప్రశ్న.

ఒక లెక్క చూడండి. బాగా ముదిరిన నిద్రగన్నేరు మానుని 45 సెంటీమీటర్ల ముక్కలుగా కోశారనుకుందాం. మాను అడ్డం 80 సెంటీమీటర్లుంటే ఒక్కో ముక్క ఘనపరిమాణం దాదాపు 0.23 ఘనమీటర్లు. పచ్చికర్ర కాబట్టి బరువు 200 కిలోల దగ్గర తేలుతుంది. నలుగురు కళాసీలు పట్టినా దాన్ని లారీకెక్కించడం నడుములు విరిగే పని. అదే ముక్కని పడ్డచోటే ఎనిమిది పేళ్లు చేస్తే ఒక్కోటి 25 కిలోలు, ఒక మనిషి భుజాన వేసుకుపోతాడు. అందుకే చక్రాల మీద కదలని స్ప్లిట్టర్‌ని నేను సగం యంత్రమే అంటాను.

ఇప్పుడు ఆ చక్రాల సంగతి. అమెరికాలో ఇళ్ల వెనక వాడే మధ్యరకం స్ప్లిట్టర్ బరువు 200 నుంచి 300 కిలోలుంటుంది. స్ప్రింగులుండవు, కమాన్లుండవు, ఇరుసుకి నేరుగా 8 అంగుళాల రిమ్ము చక్రాలు. గంటకి 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు మించి లాగొద్దని వాటి మాన్యువళ్లలో రాసి ఉంటుంది. మన పెందుర్తి రోడ్డులోనో, ఏదైనా కాలనీ స్పీడ్‌బ్రేకర్ల మీదో ఆ 72 ఊసెత్తడమే అనవసరం. స్ప్రింగు లేని బండి గోతిలో పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా ఇంజను బోల్టులకి, ట్యాంకు వెల్డింగుకి తగులుతుంది. నా దగ్గరికి కారుతూ వచ్చే ట్యాంకుల్లో మూలల దగ్గర పగిలినవే ఎక్కువ. అది ప్రెషర్ వల్ల వచ్చిన పగులు కాదు, ట్యాంకులో ప్రెషరే ఉండదు. రోడ్డు పెట్టిన పగులు.

అందుకని మొదటి మార్పు చక్రాలతోనే మొదలుపెట్టమంటాను. ప్యాసింజర్ ఆటోకి వేసే 4.00-8 టైరు కూడా 8 అంగుళాల రిమ్ముదే. పంక్చరైతే ఏ సందులోనైనా దొరుకుతుంది, కాబట్టి ఆటో హబ్బు, బేరింగులు, చక్రం మొత్తంగా ఇరుసుకి బిగించేస్తే విడిభాగాల టెన్షన్ ఉండదు. ఇంకా పెద్దవి కావాలంటే చిన్న ట్రాలీ వ్యాన్ల 12 అంగుళాల చక్రాలు వేయొచ్చు. అయితే చక్రం పెరిగితే బీమ్ (సిలిండర్, బ్లేడు కూర్చునే ఉక్కు దూలం) ఎత్తు పెరుగుతుంది, బరువు పైకి పోతుంది. ఇరుసు వెడల్పు పెంచకుండా చక్రాలు మాత్రం పెంచితే మలుపులో బండి బోల్తా కొడుతుంది. పెంచితే రెండూ కలిపి పెంచండి.

ముందు కొక్కెం మీద పడే బరువు కూడా చూసుకోవాలి. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఆరో వంతు వరకు ముందు పడాలి. ట్యాంకు వెనక్కి జరిపి, ఇంజను వెనక్కి జరిపి ముందు తేలికయ్యేలా చేస్తే లాగేటప్పుడు బండి తోకాడిస్తుంది. కొక్కెం విషయానికొస్తే, అమెరికా బండ్లకి రెండంగుళాల బాల్ కప్పు వస్తుంది, అంటే 50.8 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికే బాల్ 50 మిల్లీమీటర్లది. ఆ తేడాకి ఆట ఉంటుంది, శబ్దం వస్తుంది, పోనుపోను కప్పు అరుగుతుంది. పైగా మన దగ్గర దీన్ని లాగేది కారు కాదు, ట్రాక్టరు. ట్రాక్టరుకి పిన్ను కావాలి. కొక్కెం భాగాన్ని వెల్డింగు చేయకుండా నాలుగు బోల్టులతో మార్చుకునేలా పెట్టుకుంటే ఒక బాల్ కప్పు, ఒక రింగు రెండూ ఉంచుకోవచ్చు. గొలుసు మాత్రం ఎప్పుడూ తగిలించాలి. వెనక ఎర్ర లైట్లు కూడా. ఇంకో విషయం, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటారు బండి లాగేది ఏదైనా ట్రైలరే. రోడ్డెక్కించే ముందు రిజిస్ట్రేషన్ సంగతి రవాణా శాఖ ఆఫీసులో కనుక్కోండి. "కట్టెల మెషినే కదా" అంటే చెక్‌పోస్టులో కుదరదు.

సరే, టన్నులు. అందరికీ ఇష్టమైన విషయం.

సిలిండర్ లోపలి అడ్డం 100 మిల్లీమీటర్లయితే పిస్టన్ వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. ప్రెషర్ 200 బార్ అనుకుంటే బలం 16 టన్నులు (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో). అంతే, ఇందులో మాయ లేదు. ఇదే 100 మిల్లీమీటర్ల సిలిండర్ మీద "22 టన్నులు" అని స్టిక్కరు అంటించి అమ్ముతుంటారు. 22 టన్నులు రావాలంటే ప్రెషర్ 275 బార్ ఉండాలి. ఈ తరహా యంత్రాలకి వేసే మామూలు పంపుల పరిమితి 207 బార్ దగ్గర ఆగుతుంది. పైగా అమెరికా టన్ను 907 కిలోలే. స్టిక్కరు మీద టన్నులు చదవడం మానేసి సిలిండర్ అడ్డం కొలవండి, పంపు మీది ప్లేటు చదవండి.

అసలు 16 టన్నులు ఎప్పుడు కావాలి? బీమ్ పక్కన 250 బార్ గేజి ఒకటి బిగించి సరుగుడు చీల్చి చూడండి. ముడులు లేని నిటారు దుంగైతే బ్లేడు దిగగానే చీలిక దానంతటదే ముందుకి పరుగెడుతుంది. గేజి ముల్లు పెద్దగా కదలదు. బలం అడిగేది ముడులున్నచోట, కొమ్మలు చీలిన పంగ దగ్గర, నార అల్లుకుపోయిన చింత మొద్దులో. చింత చీలదు, చిరుగుతుంది. బ్లేడు చివరిదాకా పోయినా రెండు ముక్కల మధ్య నార పీచులు వేలాడుతూనే ఉంటాయి.

ఈ తేడాని పట్టుకునే రెండంచెల పంపు పెట్టారు. ఈ యంత్రం మొత్తంలో నాకు బాగా నచ్చిన తెలివి ఇదే. ఒకే పంపులో రెండు గేరు జతలుంటాయి. బ్లేడు ఖాళీగా పోతున్నప్పుడు రెండూ కలిసి నిమిషానికి 41 లీటర్ల నూనె తోస్తాయి. 45 బార్ దగ్గర పెద్ద జత తప్పుకుంటుంది. చిన్నది ఒక్కటే 11 లీటర్లు తోస్తూ 200 బార్ దాకా పోతుంది. లెక్క వేస్తే మొదటి అంచెలో 3 కిలోవాట్లు, రెండో అంచెలో 3.7 కిలోవాట్లు. అంటే ఆరున్నర హార్స్‌పవర్ ఇంజను రెండింటికీ సరిపోతుంది. అదే ఒకే అంచె పంపుతో 41 లీటర్లనీ 200 బార్ దగ్గర తోయాలంటే 18 హార్స్‌పవర్ పైన కావాలి. అలవాటైతే గేజి కూడా అక్కర్లేదు. బ్లేడు ముడికి తగలగానే ఇంజను గొంతు ఒక్కసారి బరువెక్కుతుంది, అంతలోనే పంపు అంచె మారి మళ్లీ తేలికపడుతుంది, బ్లేడు నడక మాత్రం నెమ్మదిస్తుంది. ఆ మార్పు రాకుండా ఇంజను ఆగిపోతుంటే పంపులో పెద్ద గేరు జతని తప్పించే అన్‌లోడర్ వాల్వ్ చూడాలి. ఇంజను మార్చేయమని తొందరపడకండి.

లోకల్‌గా కట్టించినవాటిలో ఈ రెండంచెల పంపు తరచూ ఉండదు. పాత ట్రాక్టరు పంపో, టిప్పరు పంపో వేసేస్తారు. నత్తనడక నడుస్తుంది. 60 సెంటీమీటర్ల స్ట్రోకుకి, అంటే బ్లేడు చివరిదాకా పోయే ఒక్క నడకకి, 4.7 లీటర్ల నూనె కావాలి. 41 లీటర్ల పంపుతో ఏడు సెకన్లలో పోయే బ్లేడుకి 11 లీటర్ల పంపుతో పాతిక సెకన్లు పడుతుంది. కూలీ మనిషికి ఓపిక పోతుంది, గొడ్డలే నయమంటాడు. అతని మాటా నిజమే.

ఇక రిలీఫ్ వాల్వ్, ప్రెషర్ హద్దు దాటకుండా నూనెని ట్యాంకులోకి వదిలేసేది. "ప్రెషర్ కొంచెం పెంచి ఇవ్వండి, స్క్రూ ఒక చుట్టు తిప్పితే చాలట కదా" అని వస్తారు. తిప్పడం అర నిమిషం పని. నేను తిప్పను. ఎందుకో చెబుతాను, ఇది వినాలి.

మన దగ్గర వీటికి సాధారణంగా ఐఎస్ఎంబీ 200 బీమ్, అంటే 200 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు ఉక్కు దూలం వేస్తారు. 16 టన్నుల బలం బీమ్ మధ్యగా పోదు, దానికి పైన సిలిండర్ మధ్యగీత మీద పోతుంది. బీమ్ మధ్యగీతకి, సిలిండర్ మధ్యగీతకి 22 సెంటీమీటర్ల ఎడం ఉందనుకోండి. ఆ ఎడం వల్ల బీమ్ వంగుతుంది. వంపు వల్ల చదరపు సెంటీమీటరుకి సుమారు 1,575 కిలోలు, నేరు లాగుడు వల్ల మరో 495 కిలోలు, మొత్తం 2,070 కిలోల ఒత్తిడి బీమ్ పై పట్టీలో, అంటే పై ఫ్లాంజిలో పడుతుంది. మామూలు స్ట్రక్చరల్ ఉక్కు లొంగిపోయే హద్దు 2,550 దగ్గర. అంటే 200 బార్ దగ్గరే మిగిలిన జాగా తక్కువ. ప్రెషర్ 250 బార్‌కి పెంచితే ఒత్తిడి 2,590 అవుతుంది, హద్దు దాటేసింది. ఇది కూడా మొద్దు బుద్ధిగా బ్లేడు మధ్యలో కూర్చున్నప్పటి లెక్క. పెద్ద మొద్దు పైభాగంలో ముడి తగిలి బలం ఇంకా పైకి జరిగితే ఎడం పెరుగుతుంది, లెక్క ఇంకా చెడుతుంది. మొద్దు ఆనుకునే చివరి ప్లేటు వెల్డింగు ఊడి ఎగిరొచ్చే ప్రమాదం అక్కడే ఉంది. బలం కావాలంటే సిలిండర్ 125 మిల్లీమీటర్లకి మార్చండి, బీమ్ మార్చండి, చివరి ప్లేటు వెనక రిబ్బులు వేయించండి. స్క్రూ జోలికి పోవద్దు.

నిజానికి ఈ డబ్బు నూనె మీద పెడితే మేలు. విదేశీ మాన్యువళ్లలో 32 నంబరు హైడ్రాలిక్ ఆయిల్ పోయమని ఉంటుంది (నంబరు పెరిగేకొద్దీ నూనె చిక్కన). వాళ్లు చలికాలం కోసం మంచులో కట్టెలు చీల్చుకుంటారు కాబట్టి అది వాళ్లకి సరిపోతుంది. మన మే నెలకి 68 నంబరు, మిగతా కాలానికి 46 పోయండి. ట్యాంకు 15 లీటర్లదైతే ఇంకో లెక్క గుర్తుపెట్టుకోండి. మొద్దు ఇరుక్కుపోయి బ్లేడు కదలకపోయినా లివర్ వదలకుండా పట్టుకుంటే 3.7 కిలోవాట్లూ రిలీఫ్ వాల్వ్ మీదుగా వేడిగా మారి నూనెలోకి పోతాయి. ఒక్క నిమిషానికి నూనె ఎనిమిది తొమ్మిది డిగ్రీలు వేడెక్కుతుంది. 80 డిగ్రీలు దాటిందంటే నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు గట్టిపడటం మొదలవుతుంది. అందుకే ట్యాంకు 40 లీటర్లకి పెంచమంటాను. కొందరు కంపెనీవాళ్లు ఇరుసు గొట్టాన్నే ట్యాంకుగా వాడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల చేరిన మడ్డి తీయడానికి మాత్రం చెయ్యి దూరదు.

రిటర్ను పైపు దగ్గర మనవాళ్లు పిసినారితనం చూపిస్తారు. వెనక్కి వచ్చేటప్పుడు పిస్టన్ వెనక నుంచి బయటికి పోయే నూనె, పంపు తోసేదానికంటే ఎక్కువ. పిస్టన్‌కి బిగించిన రాడ్ 50 మిల్లీమీటర్లదైతే 41 లీటర్లు లోపలికి, 55 లీటర్లు బయటికి. అర అంగుళం పైపులో ఆ నూనె సెకనుకి 7 మీటర్ల వేగంతో పోవాలి, ముప్పావు అంగుళంలో 3 మీటర్లు చాలు. పంపులోకి నూనె పీల్చే పైపైతే అంగుళానికి తగ్గకూడదు, తగ్గితే పంపు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు మోగి కొద్దిరోజుల్లో అరిగిపోతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, ఉప్పుగాలి. రాడ్ బయటికి చాచి ఉంచి బండిని ఆరుబయట వదిలేస్తే క్రోమ్ పూత మీద సన్నటి గుంటలు పడతాయి. కంటికి కనిపించకపోయినా గోటితో రాడ్ పొడవునా గీస్తే తగులుతుంది. గోరు ఆగినచోటల్లా సీల్ పెదవి చిరుగుతుంది. కొత్త సీల్ కిట్ వేసినా మళ్లీ కారుతుంది, మెకానిక్‌ని తిట్టుకుంటారు. పని అయ్యాక రాడ్ పూర్తిగా లోపలికి లాగి ఉంచితే చాలు, పైసా ఖర్చు లేదు. ఇంజనులో పెట్రోలు కూడా ఉంచకండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమ లాగుతుంది. వానాకాలమంతా నిలవ ఉంచితే కార్బురేటర్ పాడవుతుంది.

పైపు కారుతోందనుకుంటే చేత్తో తడమకండి. 200 బార్‌లో సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. అట్టముక్కతో చూడండి. ఎవరికైనా తగిలిందా, సాయంత్రం దాకా ఆగకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లి హైడ్రాలిక్ నూనె లోపలికి పోయిందని డాక్టరుకి చెప్పండి. అది ఆపరేషన్ చేయాల్సిన గాయం.

నాకు కోపం తెప్పించే మార్పు లివర్ దగ్గర జరుగుతుంది. ఈ యంత్రాల్లో బ్లేడు వెనక్కి వచ్చేటప్పుడు లివర్ వదిలేసినా దానంతటదే వస్తుంది. ముందుకి పోయేటప్పుడు మాత్రం లివర్ పట్టుకునే ఉండాలి, వదిలితే ఆగిపోతుంది. కావాలనే అలా పెట్టారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 609-1 ఇంకో అడుగు ముందుకేసి రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉంటేనే బ్లేడు కదలాలంటుంది. మన దగ్గరేమో సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లివర్‌ని ముందుకి కట్టేస్తారు. పని జోరుగా సాగుతుందట. ఒకడు మొద్దు పెడతాడు, ఇంకొకడు లివర్ మీద ఉంటాడు, మూడోవాడు పేళ్లు తీస్తుంటాడు. మొద్దు పెట్టేవాడి చెయ్యి ఇంకా అక్కడే ఉందని లివర్ మీదున్నవాడికి ఎలా తెలుస్తుంది? మొద్దు పెట్టే మనిషే లివర్ పట్టాలి. మిగతా ఇద్దరూ రెండు బారల దూరంలో ఉండాలి. ట్యూబు కట్టి ఉన్న బండి షెడ్డుకి వస్తే ముందు దాన్ని కోసేశాకే పానా పట్టుకుంటాను. రెండో లివర్ బిగించడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, ఒక లింకు రాడ్, రెండు పిన్నులు.

నడుముకి మేలు చేసే మార్పులు రెండున్నాయి. బీమ్ పక్కన మడిచే టేబుల్ ఒకటి వేయించుకుంటే చీలిన సగం ముక్క కింద పడదు, మళ్లీ వంగి ఎత్తక్కర్లేదు. రెండోది మొద్దుని బీమ్ మీదికి ఎత్తే చట్రం, చేతి వించితో నడిచేదైనా చాలు. బీమ్‌ని నిలువుగా లేపే మోడళ్లుంటే పెద్ద మొద్దుని దొర్లించి కిందే చీల్చొచ్చు. పీట వేసుకుని కూర్చుని పనిచేసే అలవాటున్న మనవాళ్లకి అది బాగానే కుదురుతుంది, కాకపోతే మొహం బ్లేడుకి దగ్గరవుతుంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ఇంజను వైపు కూర్చోకూడదు, సైలెన్సర్ పొగ మొహానికే కొడుతుంది.

చివరగా నాలుగు రెక్కల బ్లేడు. పెందుర్తి వైపు మా బావమరిదికి కట్టెల అడితి ఉంది. ఒకరోజు వచ్చి "బావా, ఒక్క దెబ్బకి నాలుగు ముక్కలు రావాలి, అలాంటి బ్లేడు చేసిపెట్టు" అన్నాడు.

"ఏం కర్రకిరా?" అన్నాను.

"ఏదొస్తే అదే. సరుగుడు, మామిడి, తుమ్మ, చింత..."

"చింతకి పెట్టావంటే ఇరుక్కుంటుంది. తర్వాత సమ్మెట పట్టుకుని నువ్వే కూర్చుంటావు."

"ఏటి బావా, మెషిన్ కొన్నాక కూడా సమ్మెటేనా?"

అడ్డ రెక్కలు పెరిగితే రాపిడి పెరుగుతుంది, కావలసిన బలం బాగా పెరుగుతుంది. ముడులు లేని మామిడికి, నిటారు సరుగుడుకి ఫర్వాలేదు. చింత, తుమ్మ పంగలకి ఒంటి బ్లేడే దిక్కు. అందుకని అడ్డ రెక్కల్ని తొడుగులా చేశాను, ఒంటి బ్లేడు మీదికి పైనుంచి జారుతుంది, ఒక పిన్నుతో ఆగుతుంది. అక్కరలేనప్పుడు తీసి టూల్ పెట్టెలో పడేయొచ్చు. బ్లేడు వెనక్కి వచ్చేటప్పుడు ఇరుక్కున్న మొద్దు దాంతోపాటే రాకుండా బీమ్‌కి రెండువైపులా ఆపుడు పట్టీలు కూడా వేశాను. చింతకి ఆ పట్టీలే ఎక్కువ పనికొస్తున్నాయి. రెక్కల తొడుగు మామిడి లోడు వచ్చినప్పుడు మాత్రం బయటికి తీస్తున్నాడు.